అరబ్బు దేశాల్లో ‘నవర్’ అని ఎవరిని అంటారు? వాళ్ళు మన దేశం నుంచి పోయినవాళ్ళేనా?

తండా_అమ్మాయి (అనంతపురం):

అందరికీ నమస్కారం. మాది కదిరి పక్కన ఒక సుగాలి తండా, ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి పీజీ చేస్తున్నా. ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ కువైట్‌లో పదకొండేళ్ళు ఇంటి పని చేసి, పోయిన ఉగాదికి అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్) రద్దు చేయించుకుని పూర్తిగా వచ్చేసింది. అమ్మ పనిచేసిన ఇంట్లో బాబా (ఇంటి యజమాని) కువైటీ, మేడమ్‌ది లెబనాన్. పిల్లలు బయట ఆడుకుని మట్టికాళ్ళతో లోపలికి వచ్చినా, తినేటప్పుడు గోల చేసినా మేడమ్ "నవర్! నవర్ మాదిరి తయారయ్యారు" అని అరిచేదంట. అమ్మకు అరబీ బాగానే వస్తుంది, కానీ ఆ మాటకు మురికి అనో అల్లరి అనో అర్థం అనుకుంది, చాలా ఏళ్ళు అట్లే అనుకుంటూ ఉండింది. ఒకసారి అమ్మ తన పేట్యా, కాంచళి (మా లంబాడీ ఆడవాళ్ళ లంగా, రవిక) ఉతికి మిద్దె మీద ఆరేసింది. అద్దాలు పెట్టి మా అవ్వ కుట్టినవి, కువైట్‌కు పోయేటప్పుడు పెట్టెలో పెట్టుకుని పోయింది, తీజ్ పండగ రోజుల్లో తన గదిలో తలుపు వేసుకుని ఒక్కతే కట్టుకునేదంట. మేడమ్ వాటిని చూసి, కోపంగా కూడా కాదు, నవ్వుతూనే, "ఇవి నవర్ ఆడవాళ్ళ బట్టల్లా ఉన్నాయి, పక్కింటివాళ్ళు చూస్తారు, ఇక్కడ ఆరేయొద్దు" అంది. నవర్ అంటే మనుషులని అమ్మకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఆ బట్టలు మళ్ళీ కట్టలేదు. మొన్న పెట్టె సర్దుతుంటే అడుగున కనిపించాయి, అప్పుడు చెప్పింది ఇదంతా.

నేను ఫోన్‌లో వెతికితే నవర్ అంటే అరబ్బు దేశాల జిప్సీలనీ, వాళ్ళు ఎప్పుడో మన దేశం నుంచి పోయినవాళ్ళనీ వచ్చింది. అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. నేను కూడా ఇంటర్‌లో ఉన్నప్పుడు అమ్మ కువైట్ నుంచి ఫోన్ చేస్తే, మా భాషలో మాట్లాడేది ఎవరూ వినకూడదని టెర్రస్ మీదికి పరుగెత్తేదాన్ని. అక్కడ అమ్మ బట్టలు దాచుకుంది, ఇక్కడ నేను మాట దాచుకున్నా.

నేను అడిగేది ఏమంటే, వీళ్ళు నిజంగా మనవాళ్ళేనా? వాళ్ళకు అక్కడ మన ఆధార్, రేషన్ కార్డు లాంటివి ఉన్నాయా, ఓటు ఉందా? ముస్లింలే అయినా ఎందుకు తక్కువగా చూస్తారు? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పినా చాలు.

రాయచోటి_డ్రైవర్:

చెల్లెమ్మా, నేను కువైట్‌లో పద్నాలుగేళ్ళు హౌస్ డ్రైవర్‌గా చేశాను. మీ అమ్మ విన్న మాట నేనూ వందసార్లు విన్నాను. నవర్ అనేది షామ్ వైపు మాట, అంటే లెబనాన్, సిరియా, జోర్డాన్, పాలస్తీనా. ఒక్క మనిషైతే నవరీ. ఈజిప్టు వాళ్ళు గజర్ అంటారు, ఇరాకీలు కావ్‌లియా అంటారు, అలెప్పో పక్క కుర్బాత్ అని ఇంకో పేరు. ఇవన్నీ బయటివాళ్ళు పెట్టినవే, వాళ్ళు తమకు తాము చెప్పుకునే పేరు డోమ్. ఈజిప్టు వాళ్ళు వంట మనిషి గట్టిగా గొడవపడితే గజర్ అనేస్తారు, లెబనీయులు పద్ధతి లేని వాళ్ళెవరినైనా నవర్ అనేస్తారు, ఎదుటి మనిషి ఆ కులం వాడా కాదా అనే ఆలోచనే ఉండదు. మన ఊళ్ళలో కొన్ని కులాల పేర్లు పెట్టి పిల్లలను తిడతారే, అచ్చం అదే.

ముందు ఒక విషయం. కువైట్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది బిదూన్‌లను వీళ్ళతో కలిపేస్తారు. బిదూన్‌లు వేరు. బిదూన్ అంటే ‘లేకుండా’ అని అర్థం, అంటే పౌరసత్వం లేకుండా అని. 1959లో అక్కడ పౌరసత్వ చట్టం వచ్చినప్పుడు నమోదు కాకుండా మిగిలిపోయిన కుటుంబాలు చాలా వరకు వాళ్ళవి, ఎక్కువమంది ఎడారి అరబ్బు తెగల వాళ్ళే. వాళ్ళ కష్టం కాగితంతోనే. నువ్వు అడుగుతున్నవాళ్ళకు కాగితం కష్టమూ ఉంది, పేరు కష్టమూ ఉంది.

నేను వాళ్ళను దగ్గరగా చూసింది ఒక్కసారే. సిరియాలో యుద్ధం రాకముందు, వేసవి సెలవులకు మా కఫీల్ (నన్ను పనికి పెట్టుకున్న యజమాని) కుటుంబాన్ని కారులో సౌదీ మీదుగా జోర్డాన్‌కు తీసుకుపోయాను. అమ్మాన్ ఊరి బయట రోడ్డు పక్కన ఖాళీ జాగాలో గుడారాలు, పాత దుప్పట్లు, ప్లాస్టిక్ పట్టలు కప్పినవి, పక్కన పాత ఇనుము కుప్ప, ఒక పికప్ బండి. ఆడవాళ్ళు పూల పూల గౌన్లు వేసుకుని పిల్లలను చంకలో పెట్టుకుని ఉన్నారు. నేను బండి ఆపి టైర్లలో గాలి చూస్తుంటే ఒక పెద్దామె నీళ్ళ క్యాన్ పట్టుకుని దగ్గరకు వచ్చింది. వెనక సీటులో నుంచి మామా (ఇంటి యజమానురాలు) "అద్దాలు ఎత్తు, తలుపులు లాక్ చెయ్యి, నవర్ వస్తున్నారు" అని కేకేసింది. నేను లాక్ చేశాను. ఆమె నీళ్ళకే వచ్చిందో, ఇంకేమన్నా అడగడానికి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఊళ్ళో చిన్నప్పుడు ఎరుకల సోదమ్మ వీధిలోకి వస్తే మా నాయనమ్మ గబగబా కోళ్ళను గంప కింద వేసేది. ఆ రోజు కారులో నాకు అదే గుర్తొచ్చింది, చాలా దూరం వరకు మనసు బాగాలేదు.

కార్డుల సంగతి దేశానికో రకం. జోర్డాన్‌లో చాలామందికి పౌరసత్వం ఉంది. లెబనాన్‌లో 1994లో ఒక డిక్రీ ఇచ్చి చాలా మందికి పౌరసత్వం ఇచ్చారు, వాళ్ళలో ఈ డోమ్‌లు కూడా ఉన్నారు.  అప్పుడు దొరకని వాళ్ళకు ఇప్పటికీ లేదు. అక్కడ పౌరసత్వం తండ్రి నుంచే వస్తుంది, తల్లి లెబనాన్ మనిషైనా లాభం లేదు, కాబట్టి తండ్రికి కాగితం లేకపోతే బిడ్డకూ లేనట్టే, ఆ బిడ్డ బిడ్డకూ లేనట్టే. అకామా ఒక నెల ఆలస్యమైతే మనకు నిద్ర పట్టదు కదా, వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ అదే టెన్షన్.

ప్రొద్దుటూరు_వ్యాపారి:

నేనూ గల్ఫ్‌లో ఆరేళ్ళు ఉండి వచ్చినవాడినే. సిగ్నళ్ళ దగ్గర చెయ్యి చాపే పని మానేసి నలుగురిలా పని చేసుకుంటే ఎవరైనా ఎందుకు తక్కువగా చూస్తారు? తప్పంతా ఎదుటివాళ్ళ మీద వేయడం కూడా సరికాదు. నా అభిప్రాయం అంతే.

కర్నూలు_పాతబస్తీ:

ప్రొద్దుటూరు అన్నా, పని చేయని జనం అని మీరు అనుకుంటున్నారు కానీ వాళ్ళ చేతిలో ఎన్ని పనులుండేవో చూడండి. కమ్మరం, రాగి గిన్నెలకు కళాయి పోయడం, జల్లెళ్ళు అల్లడం, తోలుతో డప్పులు కట్టడం, గుర్రాలు గాడిదల బేరం, పెళ్ళిళ్ళలో వాయించడం. సిరియా ఉత్తరాన కొంతమంది ఊరూరా తిరిగి పళ్ళు కట్టేవాళ్ళు, డిగ్రీ లేని దంత వైద్యులు, తండ్రి నుంచి కొడుక్కు నేర్చుకున్న పని, డాక్టర్ దగ్గరకు పోయే స్తోమత లేని పల్లెలకు వాళ్ళే దిక్కు. అల్యూమినియం గిన్నె వచ్చి కళాయి పోయింది, ప్లాస్టిక్ వచ్చి జల్లెడ పోయింది, పికప్ బండి వచ్చి గాడిద పోయింది. మన కర్నూలులోనే కళాయి పోసేవాళ్ళ కేక విని ఎన్నేళ్ళయింది చెప్పండి. పని పోయిన తర్వాత, చదువు లేక, కాగితం లేక, ఇల్లు అద్దెకు ఇచ్చేవాడు లేక మిగిలినవాళ్ళలో కొందరు సిగ్నల్ దగ్గర నిలబడితే మనకు కనిపించేది ఆ చివరి దృశ్యం ఒక్కటే.

ఇంక అమ్మాయి అడిగిన అసలు ప్రశ్నకు వస్తా. నాకు భాషల చరిత్ర అంటే పిచ్చి, ఈ డోమరీ భాష గురించి చాలా కాలంగా చదువుతున్నా. డోమ్‌ల సొంత భాష పేరు డోమరీ. అది అరబీకి చుట్టం కాదు, మన ఉత్తరాది భాషల కుటుంబంలోది. మెకాలిస్టర్ అనే పురావస్తు శాస్త్రవేత్త పాలస్తీనాలో తవ్వకాలు చేస్తూ అక్కడి డోమ్ కమ్మరుల దగ్గర ఈ భాష నేర్చుకుని 1914లో వ్యాకరణం, కథలు, మాటల పట్టిక అచ్చు వేయించాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 2012లో, యారోన్ మత్రాస్ అనే భాషా శాస్త్రవేత్త జెరూసలేంలో మిగిలిన ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసుకుని పెద్ద వ్యాకరణం రాశాడు. ఈ మధ్య వందేళ్ళలో ఏం జరిగిందంటే, పిల్లలకు ఆ భాష నేర్పడం ఆగిపోయింది. జెరూసలేంలో ఇప్పుడది వయసు మళ్ళినవాళ్ళ నోట్లోనే ఉంది.

అంకెలు చూడమ్మా. రెండుకు ‘దీ’, మూడుకు ‘తరన్’, నాలుగుకు ‘ష్తార్’, ఐదుకు ‘పంజ్’, పదికి ‘దస్’. నీళ్ళకు ‘పానీ’. నిప్పుకు ‘ఆగ్’. అరబీలో ‘ప’ అనే శబ్దమే లేదు, పెప్సీని బెబ్సీ అనే జనం మధ్యలో వందల ఏళ్ళు బతికి కూడా వీళ్ళు పానీని పానీగానే పలికారు. నాకు ఒళ్ళు జలదరించింది చదివినప్పుడు. జెరూసలేం డోమరీలో ఒకటి నుంచి ఐదు దాకా, ఆపైన పది, నూరు మాత్రమే సొంత మాటలుగా మిగిలాయి, ఆరు నుంచి తొమ్మిది దాకా అరబీ వచ్చి కూర్చుంది.

ఎప్పుడు పోయారు, ఎందుకు పోయారు అంటే రాసిపెట్టిన కాగితం లేదు. పర్షియా రాజు బహ్రామ్ గూర్ తన ప్రజల వినోదం కోసం హిందుస్థానం నుంచి వేల మంది వాద్యగాళ్ళను రప్పించాడనే కథ ఫిరదౌసి రాసిన షానామా కావ్యంలో ఉంది, అది కథ. చరిత్రలో గట్టిగా కనిపించేది జుత్ అనే జనం. సింధు ప్రాంతపు జాట్ పేరునే అరబ్బులు జుత్ అని పలికారు. వాళ్ళు బస్రా దగ్గర చిత్తడి నేలల్లో గేదెలు మేపుకుంటూ బతికారు, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన అబ్బాసీ ఖలీఫాల మీద తిరగబడ్డారు, 834లో ఓడిపోతే కుటుంబాలతో సహా పడవల్లో ఎక్కించి బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) సరిహద్దు దాకా తరిమారు. తర్వాత కాలంలో అరబ్బులు జిప్సీలను కూడా జుత్ అనే పిలిచారు కాబట్టి ఇద్దరూ ఒకటే అని చాలామంది రాసేశారు, అంత సులభంగా ముడిపెట్టలేం. అలాగే యూరప్ జిప్సీలైన రోమాలు, అర్మేనియా జిప్సీలైన లోమ్‌లు, ఈ డోమ్‌లు ఒకే గుంపుగా బయల్దేరి దారిలో విడిపోయారని వెనకటి పండితులు అనేవారు. భాషను లోతుగా చూసినవాళ్ళు ఇప్పుడు, వేర్వేరుగా వేర్వేరు కాలాల్లో పోయారనే వైపే మొగ్గుతున్నారు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది వాళ్ళు తమ గురించి తాము చెప్పుకునే కథ. అందులో భారతదేశమే లేదు. అరబ్బుల పాత కాలంలో బసూస్ యుద్ధం అని ఒక ఒంటె కోసం మొదలై నలభై ఏళ్ళు సాగిన పోరు కథ ఉంది. అందులో జస్సాస్ అనేవాడి వంశం ఓడిపోతే, గెలిచిన జీర్ సాలెం, ఇక మీదట మీరు గుర్రం ఎక్కకూడదు, గాడిదల మీదే తిరగాలి, ఒక చోట నిలవకూడదు అని శాపం లాంటి శిక్ష వేశాడంట, మేము ఆ జస్సాస్ బిడ్డలం అంటారు. అంటే మేమూ అరబ్బులమే, మీ వంశమే, ఓడిపోయాం కాబట్టి ఇట్లా ఉన్నాం అని చెప్పుకోవడం. మన దగ్గర తిరిగే కులాల వాళ్ళను అడగండి, రాముడో శివుడో ఇచ్చిన శాపం కథ ఒకటి చెప్తారు.

గుత్తి_మాస్టారు:

అమ్మాయీ, నేనూ మన తండాల మనిషినే, గుత్తి మండలంలో పనిచేస్తున్న టీచర్ని. సేవాలాల్ మహారాజ్ పుట్టిన సేవాగఢ్ మాకు దగ్గర. నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. టెర్రస్ మీదికి పరుగెత్తిన సంగతి దగ్గర ఆగిపోయాను, నేను ట్రైనింగ్ కాలేజీలో అదే చేశాను.

పైన కర్నూలు సార్ ఇచ్చిన అంకెలు చూస్తే నీకు ఏమనిపించిందో నాకు తెలుసు. మనమూ ‘ఏక్, ది, తీన్’ అంటాం, రెండుకు ‘ది’ అనేది హిందీ వాళ్ళు కూడా అనరు, వాళ్ళు దో అంటారు. నాకూ మొదటిసారి చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి. అయినా ఒక మాట చెప్తా, ఏమనుకోకు. దీన్ని పట్టుకుని డోమ్‌లు లంబాడీలే అనేయొద్దు. పానీ, ఆగ్, దస్ అనేవి రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా అందరి నోట్లో ఉన్న మాటలు. మనం బంజారాలం, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దండుల వెంట దక్షిణానికి దిగిన వ్యాపారుల బిడ్డలం, మన దారి వేరు. అట్లే ‘డోమ్’ అనే పేరు వినగానే మన దొమ్మరులు గుర్తొస్తారు, ఆటలు ఆడతారు, ఊరూరా తిరుగుతారు, సరిపోయింది అనిపిస్తుంది. పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు కలవరు. డోమ్ అనే కులం ఉత్తర భారతంలో ఇప్పటికీ ఉంది, అరబ్బు దేశాల డోమ్ పేరుకు దానితో సంబంధం ఉందని పండితులు అంటారు, అక్కడి దాకా సరే.

నిజంగా కలిసే చోటు వేరే ఉంది. మనం మనల్ని ‘గోర్’ అంటాం, మిగిలిన వాళ్ళందరినీ ‘కోర్’ అంటాం. డోమ్‌లు బయటివాళ్ళను ‘కజ్జా’ అంటారు. లోపలి పేరు ఒకటి, బయటి పేరు ఒకటి. ఊరు బయట బతికిన ప్రతి జనానికీ ఇది ఉంటుంది.

రెండోది, గీత దాటితే మనిషి మారిపోవడం. మా ఊరి నుంచి గుంతకల్లు మీదుగా బళ్ళారికి రైల్లో ఎంతసేపు? ఇక్కడ సుగాలి ఎస్టీ. అక్కడ దిగితే అదే సుగాలి, మా చిన్నాన్న కొడుకే, ఎస్సీ. ఇంకా పైకి మహారాష్ట్రకు పోతే రెండూ కాదు, విముక్త జాతుల లిస్టు. పక్కన కర్నూలు జిల్లాలో బుడగ జంగాల పిల్లలను చూడండి, తుంగభద్రకు అవతల తెలంగాణలో వాళ్ళ చుట్టాలకు ఎస్సీ సర్టిఫికెట్ వస్తుంది, ఇవతల వీళ్ళు ఏళ్ళ తరబడి దాని కోసం ధర్నాలు చేస్తూ ఉన్నారు. నా క్లాసులో చదివిన ఒక పిల్లవాడు ఆ ఒక్క కాగితం లేక స్కాలర్‌షిప్ పోగొట్టుకుని హమాలీ పనికి పోయాడు, చురుకైన పిల్లవాడు, నాకు ఇప్పటికీ బాధే. డోమ్‌లకు ఇదే పెద్దదిగా జరిగింది. ఒక్క జనం మధ్యలో నుంచి సిరియా, లెబనాన్, జోర్డాన్, ఇరాక్, పాలస్తీనా, టర్కీ గీతలు పోయాయి, ఎటు పడినవాడు అటు చిక్కుకున్నాడు. 1948లో, మళ్ళీ 1967లో పాలస్తీనా నుంచి పారిపోయిన అరబ్బులతో పాటే వాళ్ళూ పారిపోయి జోర్డాన్‌లో గుడారాలు వేసుకున్నారు, 2011 తర్వాత సిరియా డోమ్‌లు టర్కీ, లెబనాన్‌లకు పరుగెత్తారు. మిగిలిన సిరియా వాళ్ళు కూడా శరణార్థులే కదా, క్యాంపుల్లో అయినా కలుపుకుంటారేమో అనుకుంటాం, అక్కడా వాళ్ళ గుడారం విడిగానే.

మన దగ్గర బ్రిటిష్ వాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు, ఎరుకల వాళ్ళ వేలిముద్రలు తీసి, రాత్రిపూట హాజరు వేయించి, కంచెల మధ్య సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో రద్దయింది. రద్దయిన తర్వాత మనకు కనీసం రిజర్వేషన్, హాస్టలు, ఓటు దక్కాయి, నువ్వూ నేనూ చదువుకున్నది అందుకే. అరబ్బు దేశాల్లో డోమ్‌లకు అలాంటి గుర్తింపు ఎక్కడా రాలేదు. లెబనాన్ 18 మత శాఖలను గుర్తించి పదవులు పంచుతుంది, అందులో డోమ్ అనే మాటకు చోటు లేదు. లెబనాన్‌లో చివరి జనాభా లెక్క జరిగిందే 1932లో. వాళ్ళు ఎంతమంది అని ఎవరినైనా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పేది అందుకే.

కడప_నూర్‌బాషా:

అస్సలాము అలైకుమ్, నమస్తే. చెల్లెలు అడిగిన ఒక ప్రశ్నకు ఎవరూ పూర్తిగా జవాబు చెప్పలేదు, ముస్లింలే అయినా ఎందుకు అని. దానికి నేను చెప్తా, నాకు కొంత హక్కు ఉందనుకుంటా. మాది దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, మా నాయన పరుపులు కుట్టేవాడు. నమాజు చదువుతాం, రోజా ఉంటాం, అమీన్ పీర్ దర్గా ఉరుసుకు ఇల్లంతా పోతాం. అయినా మా అక్కకు సంబంధం చూసేటప్పుడు ఒక ఇంట్లో ఉర్దూలో ఏదో అడిగి, మా నాయన తడబడితే, "మీరు దూదేకుల వాళ్ళా" అని టీ గ్లాసులు తీసేశారు. హిందువులకు మేము తురకలం, ఆ ఇంటివాళ్ళకు మేము పూర్తి తురకలం కాదు.

ఇస్లాంలో అందరూ ఒకే వరుసలో నిలబడతారు, అరబ్బుకు అరబ్బు కానివాడి మీద ఆధిక్యం లేదని ప్రవక్త చివరి ప్రసంగంలో చెప్పారని మేము చిన్నప్పటి నుంచి వింటాం. మసీదులో అది నిజమే. కానీ అరబ్బు సమాజంలో మనిషికి విలువ తెగ నుంచి వస్తుంది, మీ తాత ఎవరు, మీ వంశం ఏది అని ఏడు తరాలు అడుగుతారు. వంశం చెప్పలేనివాడికి పిల్లను ఇవ్వరు. డోమ్‌లు చాలావరకు సున్నీ ముస్లింలే, ఇరాక్ దక్షిణాన షియాలు, లెబనాన్‌లో కొందరు క్రైస్తవులు, ఎక్కడ ఉంటే అక్కడి మతమే. పైన చెప్పిన జస్సాస్ కథ వాళ్ళకు ఎందుకు అవసరమైందో ఇప్పుడు అర్థమవుతుంది. జోర్డాన్‌లో కొందరు మేము తుర్క్‌మెన్‌లం అని చెప్పుకుంటారు, ఇంకొందరు బనీ ముర్రా తెగ అంటారు, ఉద్యోగానికి పోయేవాడు పాలస్తీనా వాణ్ణి అంటాడు. అబద్ధం అనడానికి నాకు నోరు రాదు. జెరూసలేం పాత పట్టణంలో లయన్స్ గేట్ (సింహాల ద్వారం) దగ్గర బాబ్ హుత్తా అనే వాడలో ఉండే డోమ్‌లు యూదుల లెక్కలో అరబ్బులు, అరబ్బుల లెక్కలో నవర్. అక్కడే 1999లో ఒక డోమ్ మహిళ సంఘం పెట్టి ఆడవాళ్ళకు కుట్టుపని, పిల్లలకు చదువు, డోమరీ మాటలు నేర్పించే పని మొదలుపెట్టింది.

ఇంకోటి నన్ను బాగా కుదిపేది. వాళ్ళ ఆట కావాలి, వాళ్ళు వద్దు. ఈజిప్టులో గవాజీలు అని పేరున్న నాట్యకత్తెలు లేకుండా పెళ్ళి ఊరేగింపే లేదు, 1834లో అప్పటి ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా వాళ్ళను కైరో నుంచి ఎగువ ఈజిప్టుకు వెళ్ళగొట్టాడు. ఇరాక్‌లో జుట్టు విరబోసి తిప్పుతూ ఆడే కావ్‌లియా ఆట ఇప్పుడు పెళ్ళిళ్ళ వీడియోల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. సద్దాం కాలంలో పెద్దవాళ్ళ వేడుకలకు పిలిచి ఆడించారు, పౌరసత్వం ఇచ్చారు. 2003లో ఆ ప్రభుత్వం పోగానే రక్షణ పోయింది, దివానియా దగ్గర వాళ్ళ ఊరిని 2004లో సాయుధ ముఠా దాడి చేసి కూల్చేసింది. మన జాతరలో దొమ్మరి పిల్ల గడ మీద ఎక్కి తిరిగితే ఊరంతా చప్పట్లు కొడుతుంది, ఆ రాత్రి ఆ పిల్ల పడుకోవడానికి ఎవరూ అరుగు ఇవ్వరు.

ప్రొద్దుటూరు_వ్యాపారి:

కర్నూలు సార్ రాసింది చదివాను. దంత వైద్యం సంగతి నాకు అసలు తెలియదు. తొందరపడి రాశాను, చెల్లెమ్మ ఏమీ అనుకోవద్దు.

తండా_అమ్మాయి (అనంతపురం):

అందరికీ చాలా థాంక్స్. ప్రొద్దుటూరు అన్నా, నేనేమీ అనుకోలేదు, నిజం చెప్పాలంటే మా హాస్టల్లో చాలామంది అనే మాటే అది. మాస్టారూ, మీరు చెప్పింది అర్థమైంది, మనవాళ్ళే అని గట్టిగా అనుకోవాలని ఉండింది నాకు. కాదని తెలిసినా వాళ్ళ మీద మనసు తగ్గలేదు.

ఆదివారం ఇంటికి పోయి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. రాయచోటి అన్న కారు తలుపులు లాక్ చేసిన దగ్గర అమ్మ "ఆ అన్న మాత్రం ఏం చేస్తాడు, మామా చెప్పింది చేయకపోతే పని పోతుంది" అంది. అంకెలు చదివితే వేళ్ళు ముడుచుకుంటూ తనూ లెక్కపెట్టింది, తరన్ దగ్గర ఆగి మళ్ళీ చెప్పమంది. పేట్యా సంగతి నేను ఎత్తలేదు, తనే పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది. మా తండాలో ఎవరు చూస్తే ఏముంది, అందరి దండెల మీదా అవే కదా.

మేడమ్ గురించి నేను కోపంగా ఏదో అంటే అమ్మ ఒప్పుకోలేదు, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి అంది. చివరికి అమ్మ అడిగింది ఒక్కటే, అది మీకే అడుగుతున్నా. దివానియా దగ్గర కూల్చేసిన ఆ ఊళ్ళో పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారా?

కడప_నూర్‌బాషా:

ఆ ఊరి పేరు జుహూర్, అంటే పువ్వులు. ఊరితో పాటు బడి కూడా పోయింది 2004లో. పక్క ఊళ్ళ బడుల్లో వీళ్ళ పిల్లలను రానివ్వలేదు, ఒకవేళ పోయినా పేరు పెట్టి ఏడిపించేవాళ్ళు. దాదాపు పద్నాలుగేళ్ళు బడి లేదు, అంటే ఒక తరం మొత్తం అక్షరం ముక్క లేకుండా పెద్దదైపోయింది. తర్వాత ఇరాక్ కుర్రవాళ్ళు కొందరు వాళ్ళ తరఫున సోషల్ మీడియాలో గట్టిగా రాసి, అధికారుల వెంట పడితే, యూనిసెఫ్ సాయంతో మళ్ళీ తెరిచారు. చిన్న క్లాసులే. మీ అమ్మతో చెప్పు, పోతున్నారని.